యెస్ టు ఆల్ నొక్కొద్దు

"కోదాడ బస్సు వెళ్ళిపోయిందా అండీ?"

జగ్గయ్యపేట బస్టాండులో సోడాబండి పక్కన నిలబడ్డ సన్నటి మనిషి తల తిప్పకుండానే అడిగాడు. చంకన సినిమా సీడీల సంచీ. చేతిలో సగం తాగిన సోడా.

"వెళ్ళిపోయింది. వెనకాల ఖాళీగా ఒకటొస్తోంది" అన్నాడు భవానీప్రసాద్.

కోడ్ సరిపోయింది.

2004 మే నెల, మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. భవానీప్రసాద్ ఆ రోజు మిర్చి వ్యాపారి. తెల్లపంచె, భుజాన కండువా, వేలికి రాళ్ళ ఉంగరం. అసలు ఉద్యోగం కేంద్ర ప్రభుత్వ రహస్య విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. చేతి గడియారంలో ఉక్కు తీగ, పెన్నులో కెమెరా, పంచె మడతలో అరచేయంత పిస్టల్ ఉన్నాయి. పక్కనున్న సీడీల మనిషి పేరు స్తెఫను. అతనూ ఆ విభాగంవాడే. ఆర్కిడ్ అనే విదేశీ ముఠాకి సీడీలు చేరవేసే కొరియర్‌గా చాలాకాలంగా వాళ్ళ మధ్యే తిరుగుతున్నాడు.

స్తెఫను సంచీలోంచి కవరు లేని ఒక సీడీ తీసి, బేరం చూపిస్తున్నట్టు భవానీప్రసాద్ చేతిలో పెట్టాడు.

"భారతీదేవి నెట్ సెంటరు. గేము అక్కడ మాత్రమే ఉంది సార్. తూనీగ చెప్పందే దీన్ని కంప్యూటర్లో..."

మాట అక్కడే ఆగిపోయింది. సోడా సీసా కింద పడి పగిలింది. స్తెఫను మోకాళ్ళ మీదికి కూలి, పక్కకి ఒరిగాడు. పెదాల చివర నురగ కనిపించింది. భవానీప్రసాద్ సోడాబండివైపు చూశాడు. బండి ఉంది. సోడాలు కొట్టేవాడు లేడు.

జనం మూగారు.

"వడదెబ్బ! వడదెబ్బ కొట్టింది! నీళ్ళు చల్లండి!"

"ఎవరి తాలూకండీ? మీ మనిషేనా?" అని ఒక ముసలాయన భవానీప్రసాద్‌ని అడిగాడు.

స్తెఫను కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. అవి అతన్నే చూస్తున్నాయి. ఈ గుంపులో ఆర్కిడ్ మనుషులు ఎంతమంది ఉన్నారో తెలియదు. ఒక్క మాట పొరపాటున జారితే సీడీ పోతుంది.

"కాదండీ, ఎవరో" అన్నాడు భవానీప్రసాద్. సీడీని కండువాలో చుట్టుకుని, వెనక్కి తిరగకుండా నడిచాడు. వీపు మీద ఎండకన్నా ఆ చూపు ఎక్కువ మండింది.

సందు మలుపులో సెల్‌ఫోను తీశాడు. హైదరాబాదులో చీఫ్ దశరథరామయ్య మొదటి రింగుకే ఎత్తాడు.

"స్తెఫను పోయాడు సార్."



"సీడీ?"

"నా దగ్గరుంది."

"అయితే విను. మధ్యలో అడ్డు తగలకు. క్వారీల నుంచి కొట్టేసిన పేలుడు సామానంతా ఆర్కిడ్ ఒక సిమెంటు లారీలో, బస్తాల అడుగున పెట్టింది. డ్రైవరుకి ఆ సంగతి తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లారీ విజయవాడకి బయల్దేరుతుంది. ఊరి శివార్లలో ఆయిల్ ట్యాంకులున్నాయి. లారీ వాటి పక్కకి చేరగానే, వెనకాల మోటారుసైకిల్ మీద వచ్చేవాడు రిమోట్ నొక్కుతాడు."

"ఏ లారీ సార్?"

"అదే తెలియాలి. ఆ హైవే మీద రోజుకి కొన్ని వందల సిమెంటు లారీలు పోతాయి. అన్నిటినీ ఆపడం మొదలుపెడితే వాడికి అనుమానం వస్తుంది. లారీ ఎక్కడుంటే అక్కడే నొక్కేస్తాడు. అది చిల్లకల్లు కావచ్చు, నందిగామ సెంటరూ కావచ్చు."

భవానీప్రసాద్ వీరులపాడు రైతుబిడ్డ. ఇంటర్ చదివింది నందిగామలోనే. ఆ సెంటర్లో బస్సులు రోడ్డు మీదే ఆగుతాయి. కోర్టుకొచ్చిన జనం, కూరల బుట్టలు, ఆటోలు అన్నీ ఆ ఇరుకులోనే తిరుగుతాయి.

"లారీ నంబరు సీడీలో ఉంది. కానీ రాసి ఉండదు" అన్నాడు చీఫ్. "డస్ట్ హైవే అని ఒక కంప్యూటర్ గేము. లారీలు తోలే ఆట. ఈ సీడీ దానికి మాడ్."

"మాడ్ అంటే?"

"ఆటలో ఉండే లారీ బొమ్మ తీసేసి మనకి కావలసిన లారీ బొమ్మ పెట్టుకోవడం. కొత్త ఫైళ్ళు తెచ్చి గేము ఫోల్డర్లో కాపీ చేస్తే చాలు, తర్వాత ఆటలో కొత్త లారీ వస్తుంది. రంగూ, నంబరు ప్లేటుతో సహా. ముఠావాడు నెట్ సెంటర్లో కూర్చుని చూసుకుని, చెరిపేసి పోతాడు. మోటారుసైకిల్‌వాడు పొద్దునే చూసుకుని పోయాడు. పక్కవాడికి ఆటాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ ఫైళ్ళు ఆ గేములో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు."

"కంప్యూటర్ సంగతులు నాకు రావు సార్."

"వచ్చినవాడు బస్టాండులో పడున్నాడు. ఇక్కణ్ణుంచి మనిషి రావాలంటే సాయంత్రమవుతుంది. నువ్వే చెయ్యాలి. లారీ నంబరు తెలియగానే నందిగామ సీఐకి చెప్పు, సెంటర్లో కాచుకుని ఉన్నాడు, అక్కడి షాపు ఫోను నంబరు పంపిస్తా. తూనీగ ఫోను దొరుకుతోంది, ఆమెని అడుగు. కానీ నమ్మకు. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి."

నెట్ సెంటరు పాత టైపింగ్ ఇన్‌స్టిట్యూట్. మూలన టైపు మిషన్లు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. యజమాని భారతీదేవి కంచం కడిగి పెట్టుకుని భోజనానికి లేవబోతోంది.

"గేము చూడాలండి. మా మేనల్లుడికి కొందామని" అన్నాడు భవానీప్రసాద్.

ఆవిడ అతని కండువానీ ఉంగరాన్నీ ఎగాదిగా చూసింది.

"ఆ చివరి దాంట్లో ఉందండి. చూసుకోండి. కాకపోతే కరెంటు ఏ నిమిషానైనా తీసేస్తాడు. యూపీయస్ ఉందిగానీ దాన్ని నమ్ముకోకండి, కాసేపు కీచుమని అరిచి ఆగిపోతుంది."

"ఫోను వాడుకోవచ్చా అమ్మా?"

"వాడుకోండి. వైరు పొడుగ్గానే ఉంది."

ఆవిడ లోపలికి వెళ్ళగానే భవానీప్రసాద్ ల్యాండ్‌లైను ఫోన్ని కంప్యూటరు పక్కకి లాగి నంబరు కొట్టాడు. చాలాసేపు మోగింది. తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించింది. దాని వెనక గుసగుసలాంటి గొంతు.

"మిర్చి ధర పడిపోయిందటగా?"

"నిమ్ము తగిలింది" అన్నాడతను.

"చెప్పండి ఏజెంటుగారూ."

తూనీగ అసలు పేరు సంహిత. భవానీప్రసాద్ ఆమెని రెండుసార్లే చూశాడు. రెండుసార్లూ విజయవాడ హోటల్లో, ఆర్కిడ్ నాయకుడి పక్కనే. నల్ల కళ్ళద్దాలు, చెవులకి వేలాడే ముత్యాలు, దొరల ఇంగ్లీషు. ఆమె నవ్వితే బల్ల చుట్టూ ఉన్న మగవాళ్ళంతా ఏం మాట్లాడుతున్నారో మర్చిపోయేవారు. ఇప్పుడా గొంతులో నవ్వు లేదు.

"నందిగామ సెంటర్లో లాడ్జి బాత్‌రూములో ఉన్నా. కుళాయి తిప్పి మాట్లాడుతున్నా. గది తలుపు బయట ఒకడు కాపలా కూర్చున్నాడు. నా మీద అనుమానం వచ్చేసింది, లారీ నంబరు నాకు చెప్పలేదు. స్తెఫను ఎట్లా ఉన్నాడు?"

"పోయాడు."

కుళాయి ఇంకాస్త తిప్పిన చప్పుడు వినిపించింది.

"సరే" అంది. "నా ఫోన్లో చార్జి తక్కువుంది. నే చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ముందు సీడీ పెట్టకండి. మై కంప్యూటర్ తెరిచి, సి డ్రైవ్‌లోకి వెళ్ళండి. డస్ట్ హైవే అని పసుపురంగు ఫోల్డరుంటుంది. దాంట్లో డేటా అని ఇంకోటి. కనపడిందా?"

భవానీప్రసాద్ మౌసుని పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పాముని మెడ దగ్గర పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "కనపడింది."

"దాన్ని తెరవొద్దు. దాని మీద కుడివైపు మీట నొక్కి కాపీ అనండి. బయటికొచ్చి, డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టి, దాంట్లో పేస్ట్ చెయ్యండి. ఆ ఫోల్డరుకి ఏదో ఒక పేరు పెట్టండి."

అతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో 'అసలు' అని కొట్టాడు. తెర మీద చిన్న కిటికీ వచ్చింది. ఒక ఫోల్డర్లోంచి కాగితాలు ఎగిరి ఇంకో ఫోల్డర్లో పడుతున్నాయి. ఒకటి తర్వాత ఒకటి, నింపాదిగా.

"దీనితో పనేంటండీ? ఇది పాతదేగా. లారీ బయల్దేరి ఉంటుంది."

"ఏదైనా మార్చేముందు ఉన్నదాని కాపీ పక్కన పెట్టుకోవాలి. తప్పు జరిగితే వెనక్కి రావడానికి ఇదొక్కటే దారి. ఈ గేము సీడీ ముఠా దగ్గర కూడా లేదిప్పుడు, విరిచేసారు. ఈ కంప్యూటర్లో ఉన్నది పాడైతే ఇంక అంతే."

కాగితాలు ఎగురుతూనే ఉన్నాయి. భవానీప్రసాద్ తన జీవితంలో చాలాసార్లు ఎదురుచూశాడు. మంచులో పడుకుని, కొండరాళ్ళ వెనక, శత్రువు తుపాకి ఎదురుగా కూడా. అక్కడ కనీసం ఊపిరి బిగబట్టడమైనా తన చేతిలో ఉండేది. ఇక్కడ ఒక గీత పచ్చగా నిండుతుంటే చూడటం తప్ప చేయగలిగింది లేదు.

"అయింది."

"ఇప్పుడు సీడీ. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని పెట్టండి. లైటు ఆరేదాకా వేలు తియ్యొద్దు. తీస్తే దానంతటదే మొదలైపోతుంది."

"మొదలైతే?"

"హార్డ్ డిస్కు మొత్తం తుడిచిపెట్టేస్తుంది. ఆ ట్రాప్ రాసింది నేనే."

అతని వేలు మీట మీద బిగుసుకుంది. సీడీ లోపలికెళ్ళి గిర్రున తిరిగింది. లైటు ఆరింది.

అప్పుడే సెల్‌ఫోను మోగింది. చీఫ్. ఒక చెవికి ల్యాండ్‌లైను, ఇంకో చెవికి సెల్.

"ఇక్కడ మన టెక్నికల్ వాళ్ళని అడిగా" అన్నాడు దశరథరామయ్య. "సీడీలో సెటప్ అని ఒక ఫైలుంటుందట. దాని మీద రెండుసార్లు నొక్కితే మొత్తం అదే చేసేస్తుందట. ఒక్క నిమిషం పని. ఆమె నీతో ఇంతసేపు ఏం చేయిస్తోంది?"

భవానీప్రసాద్ తెరవైపు చూశాడు. నిజమే, సెటప్ ఉంది. కంప్యూటరు బొమ్మ వేసి, రమ్మని పిలుస్తున్నట్టుంది.

"సంహితగారూ, సెటప్ నొక్కితే?"

"ఎవరు చెప్పారు? నొక్కొద్దు. అది పోలీసుల కోసం పెట్టింది. తెలియని సీడీలో సెటప్ నొక్కే మనిషి కోసం."

"ఆమె కాలయాపన చేస్తోంది ప్రసాద్!" అని ఈ చెవిలో చీఫ్. "నమ్మండి" అని ఆ చెవిలో ఆమె. ఇద్దరిలో ఒకరు తప్పు. ఏది తప్పో తేల్చుకునే చదువు తనకి లేదు. తుపాకి గురిపెట్టిన మనిషి కళ్ళలోకి చూసి అబద్ధమో నిజమో చెప్పగలడు. ఇక్కడ చూడటానికి కళ్ళు లేవు. ఒక గొంతూ, నీళ్ళ చప్పుడూ ఉన్నాయంతే.

అతను సెల్‌ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"చెప్పండి."

"సీడీలో న్యూ ట్రక్ అని ఫోల్డరుంది. దాంట్లో డేటా. దాంట్లో రెండున్నాయి, వెహికల్స్, సిస్టమ్. మనకి కావలసింది వెహికల్స్ ఒక్కటే. సిస్టమ్ జోలికి పోవద్దు. వెహికల్స్ తెరిచి, లోపలున్న ఫైళ్ళని మాత్రం తీసుకెళ్ళి గేములో ఉన్న వెహికల్స్ ఫోల్డర్లో పెట్టండి. ఈ ఫైలు ముందే ఉంది, మార్చమంటావా అని అడుగుతుంది. ప్రతిసారీ పేరు చదివి, అప్పుడు యెస్ అనండి. యెస్ టు ఆల్ నొక్కొద్దు."

అంతలో ఫ్యాన్లు ఆగిపోయాయి.

కరెంటు పోయింది. బల్ల కింద యూపీయస్ కీచుమంది. లోపలి గదిలోంచి భారతీదేవి, "చెప్పానుగా అండీ!" అని కేకేసింది.

కీచు. కీచు. భవానీప్రసాద్ చెయ్యి తొందరపడింది. వెహికల్స్ తెరవాల్సినవాడు, పైనున్న డేటా ఫోల్డర్‌నే పట్టి ఈడ్చి గేములో పడేశాడు. తెర మీద ప్రశ్న వచ్చింది. చదివాడో లేదో అతనికే తెలియదు. నాలుగు మీటలున్నాయి. కీచు. కీచు. పెద్దగా కనిపించిన దాని మీద నొక్కాడు.

కాగితాలు ఎగిరాయి. చాలా వేగంగా ఎగిరాయి.

"అయిపోయింది. మొదలుపెడుతున్నా" అన్నాడు.

"అప్పుడే?" ఆమె గొంతు మారింది. "ఏం నొక్కారు?"

గేము తెరుచుకుని, తెర నల్లబడి, అట్లాగే మూసుకుపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"యెస్ టు ఆల్" అన్నాడు భవానీప్రసాద్.

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. స్తెఫను చచ్చిపోతూ ఇచ్చిన సీడీ. ఏ పనీ చేతకాని కొత్తవాడు చేసే తప్పు ఇది. నలభై దాటిన వయసులో, పతకాలున్న ఛాతీతో తనే చేశాడు.

"వినండి" అంది సంహిత నెమ్మదిగా. "ఏం మునిగిపోలేదు. గేములో ఉన్న డేటా ఫోల్డర్‌ని తీసి పారేయండి, డిలీట్. డి డ్రైవ్‌లో దాచిన కాపీ తెచ్చి దాని చోట్లో పెట్టండి. అది పాతదే, మంచిది. తర్వాత వెహికల్స్ లోపలున్న ఫైళ్ళు మాత్రం..."

అవతల తలుపు మీద దబదబ మోగింది. మగగొంతు ఏదో అరిచింది. ఫోను నేల మీద పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. కుళాయి చప్పుడు కూడా లేదు.

"సంహితగారూ! హలో!"

లైను కట్టయింది.

తలుపు పగిలిందో, ఆమే తీసిందో. అక్కడికి కారులో అరగంట దూరం. పిస్టల్ ఉంది, గురి ఉంది, వెళ్ళడానికి లేదు. అతను రిసీవరు పెట్టేసి రెండు అరచేతులూ పంచెకి తుడుచుకున్నాడు.

డిలీట్. 'ఖాయమేనా' అని కంప్యూటరు అడిగింది. యెస్. 'అసలు' తెరిచి, లోపలున్న డేటాని కాపీ చేసి, గేములో పేస్ట్ చేశాడు. కాగితాలు ఎగరడం మొదలైంది. యూపీయస్ అరుపులు దగ్గరవుతున్నాయి. అది ఇప్పుడు ఆగితే దాచుకున్నదీ అక్కరకు రాదు, పెట్టినదీ మిగలదు. కాగితాలు మాత్రం ఎవరి పెళ్ళికో శుభలేఖలు పంచుతున్నంత తీరుబడిగా వెళ్తున్నాయి.

ఉన్నట్టుండి ఫ్యాన్లు తిరిగాయి. కరెంటు వచ్చింది. యూపీయస్ నోరు మూసుకుంది.

గేము నొక్కి చూశాడు. తెరుచుకుంది. పాత లారీ, పాత రంగు. మూసేశాడు. ఈసారి న్యూ ట్రక్, డేటా, వెహికల్స్ అని పైకి చదువుకుంటూ లోపలికెళ్ళాడు. ఫైళ్ళు మాత్రం తీసుకున్నాడు. ప్రశ్న వచ్చినప్పుడల్లా పేరు చదివి, వేలితో తెర మీద చూపించుకుని, యెస్ అన్నాడు. ఒకటో తరగతి పిల్లాడు కూడా అంత జాగ్రత్తగా దిద్దడు.

గేము మొదలైంది.

ఎక్కడిదో ఎర్రటి ఎడారి. ఆకాశం నీలంగా ఉంది. అందులో లారీ ఉంది, కానీ అతను దాని లోపల ఉన్నాడు! ఇది డ్రైవరు సీట్లోంచి కనిపించే ఆట. స్టీరింగూ, అద్దమూ, ముందు రోడ్డూ తప్ప ఇంకేం లేదు. నంబరు ప్లేటు బయట ఉంటుంది. బయటికి రావడానికి ఏ మీట నొక్కాలో చెప్పే గొంతు ఇక లేదు.

బాణం గుర్తు మీట నొక్కాడు. లారీ కదిలింది. ఘాట్ రోడ్ల మీద లైట్లార్పి జీపు తోలిన మనిషి, ఈ లారీని తిన్నగా పోనివ్వలేకపోయాడు. ఎడమకి నొక్కితే మరీ ఎడమకి పోయింది. సర్దబోతే కుడికి విసిరేసింది. ఎదురుగా పెద్ద బండరాయి వచ్చింది.

లారీ గుద్దుకుంది, గాల్లో ఒక పల్టీ కొట్టింది. అప్పుడు చూపు దానంతటదే బయటికొచ్చింది. తెర నిండా బోల్తాపడిన లారీ వెనకభాగం. ఆకుపచ్చ రంగు, విప్పిన పింఛంతో నెమలి బొమ్మ. దాని కింద 'చిన్నారి అక్షయ' అని పసుపు అక్షరాలు. ఆ కింద నంబరు.

పెన్ను కెమెరా టిక్కుమంది. మరుక్షణం అతను ల్యాండ్‌లైనులో నందిగామ నంబరు కొడుతున్నాడు.

"సీఐ రత్తయ్యనండి. మఫ్టీలో సెంటర్లో ఉన్నా. ఈ షాపు ఫోను దగ్గరే కాచుకున్నా సార్."

"రాసుకో. ఏపీ పదహారు, చివర నలభై ఏడు సున్నా తొమ్మిది. ఆకుపచ్చ లారీ. వెనక నెమలి."

అవతల రత్తయ్య ఊపిరి గట్టిగా వినిపించింది.

"రాయక్కర్లేదు సార్. నా ఎదురుగానే ఉంది. ఆర్టీసీ బస్సు అడ్డంగా ఆగింది, దాని వెనక ఆగిపోయింది. అమ్మో, బస్సు నిండా జనం సార్."

"వెనకాల మోటారుసైకిలుందా?"

"ఉంది. ఈ ఎండలో జర్కిన్ వేసుకున్నాడు వెధవ. కుడిచెయ్యి జేబులో ఉంది. మా వాళ్ళని పంపించనా?"

"వద్దు! ఖాకీ వాసన తగిలితే నొక్కేస్తాడు."

పంపిస్తే పేలుతుంది. పంపకపోతే లారీ కదిలి ముందుకు పోతుంది. బల్ల మీద సెల్‌ఫోనులో చీఫ్ గొంతు గీపెడుతోంది. ఎత్తి రెండో చెవికి పెట్టుకుని, ఉన్నది చెప్పాడు.

"సార్" అన్నాడు రత్తయ్య. "ఎవరో ఆడమనిషి రోడ్డు దాటుతోంది. చిలకపచ్చ చీర, నల్ల కళ్ళద్దాలు. చెప్పుల్లేవు. వాడి బండి దగ్గరికే వెళ్తోంది. వాడు నవ్వాడు సార్, తెలిసిన మనిషే. లిఫ్ట్ అడుగుతున్నట్టుంది. నా దగ్గర రివాల్వరుంది. ఇక్కణ్ణుంచి ఇద్దరూ తగులుతారు. కాల్చమంటారా?"

భవానీప్రసాద్ అది సెల్‌లో చెప్పగానే, "కాల్చమను!" అన్నాడు దశరథరామయ్య. "తప్పించుకొచ్చి వాడితో కలిసిపోతోంది. ఇది నా ఆర్డర్!"

భవానీప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. నందిగామ సెంటరు మొత్తం కనిపించింది. తను చెయ్యి చాపినా అందనంత దూరంలో.

ఆమె కావాలనుకుంటే 'సెటప్ నొక్కండి' అని ఒక్క మాట చాలు. షిఫ్ట్ సంగతి చెప్పకపోయినా చాలు. చావు తలుపు తడుతుంటే కూడా పాతది తిరిగి ఎట్లా పెట్టాలో చెప్పింది.

"రత్తయ్యా, కాల్చొద్దు. ఆగు."

"ప్రసాద్!"

"ఆగు రత్తయ్యా. ఏం జరుగుతోందో చెప్పు."

"వెనకెక్కింది సార్. వాడి నడుం పట్టుకుంది. బస్సు కదిలింది... లారీ కదిలింది... వాడూ బండి స్టార్ట్ చేసాడు... ఆమె చెయ్యి వాడి జేబులోకి... అయ్యో! కింద పడ్డారు! ఇద్దరూ పడ్డారు!"

ఫోను గాల్లో వేలాడుతున్నట్టు టకటకమని గోడకి కొట్టుకుంది. అరుపులు, హారన్లు, ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు. భవానీప్రసాద్ ఆ చప్పుళ్ళన్నిటి వెనకా ఒకే ఒక చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. అది రాలేదు. ఎంతసేపు విన్నా రాలేదు.

"సార్!" రత్తయ్య రొప్పుతున్నాడు. "దొరికాడు. నలుగురం మీద పడ్డాం. రిమోట్ మన చేతికొచ్చింది. ఆవిడే బ్యాటరీలు ఊడదీసి నా చేతిలో పెట్టింది. మోచెయ్యి చీరుకుపోయింది పాపం. కట్టు కడదామని తిరిగి చూస్తే లేదు సార్. విజయవాడ బస్సెక్కిందని ఒకడంటాడు, కోదాడవైపు ఆటో ఎక్కిందని ఇంకోడంటాడు."

"ఆమె ఉన్న లాడ్జిలో చూశారా?"

"ఆవిడ బయటికొచ్చిన లాడ్జి ఎదురుగానే సార్. మా వాడు వెళ్ళి చూసాడు. కాపలావాడు బాత్‌రూములో ఉన్నాడట. నోట్లో తువ్వాలు, చేతులు కుళాయికి కట్టేసి."

సంగతంతా సెల్‌లో చెప్పాక దశరథరామయ్య అడిగాడు.

"ఇంతకీ ఆమె మన మనిషేనంటావా?"

"తెలియదు సార్" అన్నాడు భవానీప్రసాద్. సీడీని బయటికి తీసి మళ్ళీ కండువాలో చుట్టుకున్నాడు.

సాయంత్రం నందిగామ బయల్దేరేముందు జగ్గయ్యపేట ఆసుపత్రి మీదుగా వెళ్ళాడు. వరండాలో గుడ్డ కప్పిన మనిషి కాలి వేలికి చీటీ కట్టి ఉంది. గుర్తు తెలియని వ్యక్తి, వడదెబ్బ. ముఠాలో మిగిలినవాళ్ళు పట్టుబడేదాకా స్తెఫనుకి పేరు ఉండకూడదని పైనుంచి ఆజ్ఞ. భవానీప్రసాద్ గుడ్డ చివర సర్ది, బయటికొచ్చేశాడు.

నందిగామ పోలీస్ స్టేషన్ ఆవరణలో ఆకుపచ్చ లారీని తాళ్ళు కట్టి దూరంగా నిలబెట్టారు. బస్తాల అడుగున దొరికిన పెట్టెల్ని అప్పటికే తరలించేశారు. వేపచెట్టు కింద డ్రైవరు బ్రహ్మయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. పంచె కట్టులోనే వచ్చిన భవానీప్రసాద్ కనపడగానే ఎదురొచ్చాడు.

"మీరెవరో పెద్దాఫీసరంట గదండీ. నా బండెందుకు ఆపారో చెప్పరేంటి? కాగితాలన్నీ కరెక్టుగా ఉన్నాయి. లోడు టయానికి అందకపోతే మా ఓనరు నా తోలు తీస్తాడు. మధ్యాహ్నం నించీ ఇదే కూచోవడం, ఇదే లేవడం. నా వల్ల ఎవడికైనా వెంట్రుకంత హాని జరిగిందా? అసలు నేనేం పాపం చేసానండీ?"

రత్తయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. భవానీప్రసాద్ ఆ మనిషిని తేరిపార చూశాడు. సిమెంటు దుమ్ము పట్టిన కనుబొమలు, చెమట చారలు. నిక్షేపంగా ఉన్నాడు.

అడిగిన ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు. చెప్పే అధికారం లేదు.

టీ చెప్పాడు.